మల్లెపూల కట్టు

7 ఏప్రిల్ 2022, నల్లగొండ

ఇవాళ కాస్త లేచి కూర్చుని పెన్ను పట్టుకోగలిగాను. ఎడమ పక్కన మూడు పక్కటెముకలు విరిగాయి. వీపులో ఒక పూస చిట్లింది. ఛాతీలో రక్తం చేరిందని ఎడమ చంక కింద గొట్టం వేశారు. దాని రెండో కొస మంచం కింద సీసాలో ఉంటుంది. నేను ఎటు కదిలినా ఆ సీసా నాతో రావాలి. పెళ్లయిన కొత్తలో గోపి కూడా ఇంతగా నా వెంట తిరగలేదు.

ఉగాదికి కట్టంగూర్‌లో మా అమ్మవాళ్లింటికి పోయి వస్తుంటే హైవే మీద ఆటో బోల్తా పడింది. బుజ్జి అత్తమ్మ ఒడిలో ఉంది. ఆమె బిడ్డను పొట్టకు అదుముకుని ముడుచుకుపోయిందట. అత్తమ్మ మోచేతులు రెండూ చీరుకుపోయాయి కానీ బుజ్జికి చిన్న గీత కూడా పడలేదు. ఈ ఒక్కదానికి ఆమె జీవితాంతం నన్ను ఏమన్నా పడతాను అనుకున్నాను.

చంటిపిల్లల్ని వార్డులోకి రానివ్వరు. అందుకని అత్తమ్మ బుజ్జిని తీసుకుని పానగల్‌లో తన చెల్లెలు సత్తమ్మ ఇంట్లో ఉంది. మోత్కూర్‌లో మా ఇంటికి తాళం పడింది. మగ్గం మీద గోపి నేస్తున్న చీర సగంలో ఆగింది.

నాకు ఇప్పుడు రెండే కోరికలు. ఈ గొట్టం తీసేయాలి. నా పాలు బుజ్జికి అందాలి. మూడున్నర నెలల పిల్లకు డబ్బా పాలు పడట్లేదు, తాగింది తాగినట్టే కక్కుతోందట.

8 ఏప్రిల్

డాక్టర్ మురళీమోహన్ నా మందులన్నీ ఒకసారి చూసుకుని, పాలు పిండి పంపొచ్చన్నారు. మల్లీశ్వరి సిస్టర్ సీసా పట్టుకుని నిలబడితే బాత్రూంలో గోడకు ఆనుకుని స్టీలు డబ్బాలోకి పిండాను. పక్కటెముకల నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. గోపి డబ్బాను చల్లటి నీళ్ల గిన్నెలో పెట్టుకుని బండి మీద పానగల్ పోయాడు. కాసేపటికి ఫోన్ చేశాడు. ఉగ్గుగిన్నెతో పడితే చుక్క మిగల్చకుండా తాగిందట, కక్కలేదట.

చాలా రోజుల తర్వాత నిద్ర పట్టేలా ఉంది.

9 ఏప్రిల్

అత్తమ్మ బుజ్జిని చెల్లెలికి అప్పగించి వచ్చింది. విరిగిన బొక్కలు అతుక్కోవాలని మేక కాళ్ల షోర్వా చేసి తెచ్చింది. పైన నూనె తేలుతూ ఘుమఘుమలాడింది. రెండు గిన్నెలు తాగాను. సీసాలో ఎరుపు తగ్గిందని డాక్టర్ రెండు రోజుల్లో గొట్టం తీసేద్దామన్నారు. అత్తమ్మ అది తన షోర్వా మహిమే అన్నట్టు గిన్నె కడుక్కుని పోయింది.

10 ఏప్రిల్

సీసాలో తెల్లగా ఉంది.

11 ఏప్రిల్

మొదట చీము అనుకున్నారు. మల్లీశ్వరి మొహం మాడ్చుకుని చూసి డాక్టర్‌ను పిలిచింది. ఆయన సీసా ఎత్తి వెలుతురుకు పట్టి చూశారు. వాసన లేదు, నాకు జ్వరం లేదు. ఈ రెండు రోజుల్లో ఏం తిన్నావని అడిగారు. షోర్వా సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. సీసాలోది కొంచెం తీసి పరీక్షకు పంపారు.

సాయంత్రం ఫలితం వచ్చింది. చీము కాదు, కొవ్వు. కుర్చీ లాక్కుని కూర్చుని నాకూ గోపికీ వివరంగా చెప్పారు. మనం తిన్న నూనె, నెయ్యి నేరుగా రక్తంలోకి పోవట. పేగుల దగ్గర నుంచి సన్నని నాళం ఒకటి వెన్నుపూసల పక్కగా పైకి ఎక్కి, ఆ కొవ్వును మెడ దగ్గర రక్తంలో కలుపుతుందట. దెబ్బకు ఆ నాళం ఎక్కడో చిట్లింది. తిన్న కొవ్వు, దాంతో పాటు ఒంటికి బలమిచ్చేవన్నీ ఛాతీలోకి కారిపోతున్నాయి. ఊరికే వదిలేస్తే ఊపిరితిత్తిని నొక్కేస్తుంది, మనిషి రోజురోజుకూ నీరసించిపోతుంది, ఏ చిన్న జబ్బు సోకినా తట్టుకోలేదు. కొవ్వు బంద్ చేస్తే కారడం తగ్గి, చిట్లిన చోటు దానంతట అదే పూడుకోవచ్చు. పూడుకోకపోతే ఆపరేషన్.

ఇది రొమ్ము పాలు కాదు కదా సార్ అని గోపి అడిగాడు. నాకు సిగ్గేసింది కానీ నేనూ అదే అడగాలనుకున్నాను. అస్సలు సంబంధం లేదు, మగవాళ్లకు దెబ్బ తగిలినా ఇలాగే తెల్లగా వస్తుంది అన్నారు.

నూనె, నెయ్యి, పాలు, గుడ్డు, మాంసం అన్నీ బంద్. నవనీత అని పేరు పెట్టుకుని వెన్న ముట్టకూడదంటే ఎలా అని మల్లీశ్వరి ఆటపట్టించింది. నవ్వితే పక్కటెముకలు పొడిచాయి.

12 ఏప్రిల్

ఉత్త అన్నం, ఉప్పు వేసిన పప్పుకట్టు, అరటిపండు. అయినా సీసాలో తెలుపు తగ్గలేదు. పాలు మాత్రం డబ్బా నిండా వచ్చాయి.

13 ఏప్రిల్

అత్తమ్మ సీసాను మొదటిసారి చూసింది. మంచం పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు అలాగే చూసింది. తర్వాత నా రవిక వైపు చూసింది.

"గవి నీ పాలే బిడ్డా. పిల్ల నోరు పెట్టక అడ్డం తిరిగినయి. లోపటికి పోతున్నయి."

డాక్టర్ చెప్పిందంతా చెప్పాను. నాళం, పేగులు, కొవ్వు, మగవాళ్లు. ఆమె తల ఊపుతూ విన్నది. నేను డిగ్రీ చదివిన కోడలినని పదిమందిలో గొప్పగా చెప్పుకునే మనిషి, నా మాట అయిపోయేదాకా ఓపిగ్గా ఆగి, నేనేమీ చెప్పనట్టే మళ్లీ అదే అంది. వాళ్ల ఊళ్లో ఎవరికో ఇట్లాగే పాలు అడ్డం తిరిగి గడ్డకట్టి ప్రాణం మీదికి వచ్చిందట.

నేను అలసిపోయాను. మళ్లీ చెప్పే ఓపిక లేక కళ్లు మూసుకున్నాను.

15 ఏప్రిల్

నోటి ద్వారా పూర్తిగా బంద్. గుక్క నీళ్లు తప్ప ఏమీ లేదు. మెడ దగ్గర పెద్ద సూది గుచ్చి, తిండంతా అందులోంచే ఎక్కిస్తున్నారు. కారడం తగ్గడానికి పొట్ట మీద ఇంకో సూది. కడుపులో ఏమీ లేకపోతే నాళంలో పారేదీ తగ్గుతుంది, పూడుకునే అవకాశం ఉంటుంది అని డాక్టర్ అన్నారు.

సాయంత్రం అత్తమ్మ తడిగుడ్డలో మల్లెపూలు తెచ్చింది. సత్తమ్మ చిన్నత్త పెరట్లో పూసినవట. తలలో పెట్టడానికేమో అనుకున్నాను. ఆమె కర్టెన్ లాగి నా రవిక హుక్కులు విప్పింది. మాలలు రెండు రొమ్ముల మీదా చుట్టి, పైన పాత చీర ముక్కతో బిగించి ముడి వేసింది. పాలు మరిపించి ఎండగొట్టడానికి మావాళ్లు చేసే పనే ఇది. బిడ్డ పోయిన బాలింతలకు కట్టడం చిన్నప్పుడు చూశాను.

వద్దన్నాను. బుజ్జికి ఇవి తప్ప ఇంకేవీ పడట్లేదు కదా అన్నాను. ఆమె నా గడ్డం పట్టుకుంది.

"డబ్బల పాలు దుకాణంల దొర్కుతయి. తల్లి యాడ దొర్కుతది? నాకు నువ్వు గావాలె."

పెళ్లయిన నాలుగేళ్లలో ఆమె నాతో ఇలాంటి మాట అనలేదు. ఏడుపొచ్చింది.

ముడి కుడి పక్కనే, చేతికి అందేలా ఉంది. ఎడమ చెయ్యి లేవదు కాబట్టి విప్పలేదు. రేపు విప్పేస్తాను.

16 ఏప్రిల్

ఇవాళ నొప్పి ఎక్కువగా ఉంది. రేపు విప్పుతాను. పాలు పిండలేదు, కట్టు తీస్తే కదా పిండేది. గోపి ఖాళీ డబ్బాతో పోయాడు. వాళ్లమ్మ కట్టిన కట్టు సంగతి అతనికి తెలుసో లేదో నేను అడగలేదు, అతనూ అడగలేదు.

17 ఏప్రిల్

సీసాలో తెలుపు పలచబడింది. గంజి మీది తేటలా ఉంది. డాక్టర్ మొదటిసారి నవ్వారు. అత్తమ్మ కర్టెన్ వెనక కొత్త పూలు కడుతూ నా చెవిలో, "జూసినవా?" అంది.

కడుపు మాడ్చినందుకు తగ్గింది. అది నాకు తెలుసు. కానీ తగ్గింది. ఇంకో రోజు ఉండనీ.

18 ఏప్రిల్

రొమ్ములు రాళ్లలా ఉన్నాయి. రవిక తడిసింది. ఫోన్‌లో బుజ్జి ఏడుపు వినబడగానే పాలు వాటంతట అవే కారాయి, మల్లెపూలన్నీ తడిసిపోయాయి. ఫోన్ కట్ చేశాను.

19 ఏప్రిల్

మల్లెల వాసన అంటే ఇష్టమని ఎవరికైనా ఎప్పుడైనా చెప్పి ఉంటే వెనక్కి తీసుకుంటున్నాను. వార్డంతా పెళ్లిపందిరిలా కొడుతోంది. పక్క మంచం ఆమెను చూడవచ్చిన పెద్దమనిషి గుర్వయ్య, ఎవరమ్మా పూలు పెట్టుకున్నది అని మురిసిపోతూ అడిగాడు.

21 ఏప్రిల్

సీసాలో కొంచెం పచ్చటి నీళ్లు తప్ప ఏమీ లేవు.

కట్టు విప్పాను. ముడి ఒక్క లాగుకే వచ్చేసింది. బాత్రూంలో పిండితే నాలుగు చుక్కలు వచ్చాయి. మళ్లీ పిండితే అవీ రాలేదు.

మల్లీశ్వరి చూసింది. ఏంటివి, ఎవరు కట్టారు అని అడిగి, నేను చెప్పకుండానే అర్థం చేసుకుంది. తిట్టలేదు. డాక్టర్‌తో అంటే ఆయన, తిండి లేకపోవడం, పిండకపోవడం, భయం, పూలు, దేనివల్ల ఎంత ఎండిందో నేను చెప్పలేనమ్మా అన్నారు. ముందు గొట్టం సంగతి చూద్దాం అన్నారు.

అత్తమ్మ మాత్రం పానగల్‌లో కొబ్బరికాయ కొట్టిందట. బుజ్జికి వేరే డబ్బా మార్చారు. కొంచెం కక్కుతోంది, కొంచెం ఉంచుకుంటోంది.

ఏం ఫరవాలేదు. గొట్టం తీసేస్తారు, ఇంటికి పోతాను, బుజ్జి నోరు పెడితే పాలు మళ్లీ పడతాయి. అలా పడ్డవాళ్లు ఉన్నారు. తప్పకుండా ఉండి ఉంటారు.

23 ఏప్రిల్

అన్నం పెట్టారు. నూనె లేని అన్నమే, అయినా ఏడుస్తూ తిన్నాను. సీసా తేటగానే ఉంది. రేపు ఒక గ్లాసు పాలు ఇచ్చి చూస్తారట. అది కూడా తేటగా దాటితే గొట్టం తీసేస్తారు.

24 ఏప్రిల్

పొద్దున పాలు తాగాను. అత్తమ్మ కూడా వచ్చి కూర్చుంది. ఆమెకు ఫికర్ లేదు. బ్యాగు సర్దుతోంది, నా చీరలు మడత పెడుతోంది.

మధ్యాహ్నానికి గొట్టంలో సన్నని తెల్లటి గీత దిగింది. తర్వాత ఇంకొంచెం. సాయంత్రానికి సీసాలో పాలు పోసినట్టు అయింది.

అత్తమ్మ మడత పెడుతున్న చీర అలాగే పట్టుకుని నిలబడింది. సీసాను చూసింది, నా రొమ్ముల వైపు చూసింది. దగ్గరికి వచ్చి రవిక మీద చెయ్యి వేసి మెల్లగా ఒత్తింది. బట్ట పొడిగానే ఉంది.

"పాలే లేవు గదా," అంది. "మరి గిదేంది?"

నేను చెప్పలేదు. అంతకుముందే చెప్పాను. నాళం, పేగులు, కొవ్వు, మగవాళ్లు. ఇప్పుడు ఇంకోసారి చెప్పాలనిపించలేదు. ఆమె చెయ్యి పక్కకు నెట్టి గోడ వైపు తిరిగాను. ఆమె బయటికి వెళ్లిపోయింది. బ్యాగు సగం సర్ది అలాగే ఉంది.

25 ఏప్రిల్

మళ్లీ నోరు బంద్. హైదరాబాద్ పంపుతారట.

27 ఏప్రిల్, హైదరాబాద్

పెద్ద ఆసుపత్రి. ఇక్కడ ఎవరూ నా సీసాను చూసి ఆశ్చర్యపోవట్లేదు. దారిలో అంబులెన్స్‌లో గోపి ఒక్క మాట అన్నాడు, అమ్మకు ఏం తెలుసు, నిన్ను బతికించుకోవాలనే చేసింది కదా అని. నిజమే. అందుకే ఆమె మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదు. చెడ్డమనిషి అయితే హాయిగా తిట్టుకునేదాన్ని.

గోపి రోజూ ఇక్కడి నుంచి పానగల్‌కు వీడియో కాల్ చేస్తాడు. బుజ్జి అత్తమ్మ భుజం మీద ఉంటుంది. నేను బుజ్జితో మాట్లాడతాను. అత్తమ్మ మొహం తెర మీదికి వస్తే ఫోన్ గోపికి ఇచ్చేస్తాను.

29 ఏప్రిల్

గజ్జల్లో సూది పెట్టి ఒక మందు ఎక్కించి ఫోటోలు తీశారు. మందు నెమ్మదిగా వెన్ను పక్కన పైకి పాకి, ఛాతీ మధ్యలో ఒకచోట పక్కకు చిమ్మింది. తెర మీద నాకూ చూపించారు. ఇన్ని రోజుల నా బాధంతా ఆ చిన్న మరక. లోపలి నుంచే దాన్ని మూసే ప్రయత్నం చేశారు కానీ, నాళం మరీ సన్నగా ఉందట, తీగ లోపలికి దూరలేదట. ఇక ఆపరేషనే. ఛాతీ పక్కన చిన్న రంధ్రాలు పెట్టి చిట్లిన చోటికి కింద నాళాన్ని కట్టేస్తారు. నాళం కట్టేస్తే కొవ్వు ఎటు పోతుందని అడిగాను. ఒంట్లో ఇంకా సన్నని దారులు ఉంటాయి, కొన్నాళ్లకు అవే అలవాటు పడతాయి అన్నారు ఆ డాక్టరమ్మ.

ఒంట్లో మాంసం లేదు. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. మత్తు ఇస్తే లేస్తానా అని భయంగా ఉంది. గోపితో అనలేదు.

1 మే

రేపు ఆపరేషన్. దానికి ముందు ముక్కులోంచి సన్న గొట్టం వేసి కడుపులోకి మీగడ పోస్తారట. ఇన్ని రోజులు చుక్క నెయ్యి తగలనీయని వాళ్లు రేపు వాళ్లే గ్లాసెడు పోస్తారు. కొవ్వు పోతే కారేది తెల్లగా కనబడుతుంది, చిట్లిన చోటు దొరుకుతుంది అని చెప్పారు.

తెల్లగా వచ్చేది నేను తిన్నదే. ఇంత తేలిక సంగతి. నాకు మొదటిరోజే తెలుసు. తెలిసి కూడా రోజూ రేపు విప్పుతాను అని రాసుకున్నాను. ఒకవేళ ఆమె అన్నదే నిజమైతే అని నాకూ లోపల భయం. బుజ్జి పాలా, నా ప్రాణమా అన్నప్పుడు నేను కూడా నన్నే ఎంచుకున్నాను. ఇది ఇక్కడ రాస్తాను, ఎవరితోనూ అనను.

6 మే

బతికే ఉన్నాను. కట్టేశారు. సీసాలో తెలుపు లేదు.

9 మే

ఇడ్లీ మీద నెయ్యి వేసి ఇచ్చారు. రోజంతా సీసాను కాపలా కాశాను. రాలేదు.

11 మే

గొట్టం తీసేశారు. లేచి కిటికీ దాకా నడిచి వెనక్కి చూసుకున్నాను, వెంట ఏమీ రాలేదు. గోపి ఏడ్చాడు. నాకు ఏడుపు కూడా రాలేదు, అలసట తప్ప ఏమీ లేదు.

14 మే, పానగల్

ఇంకో వారం నల్లగొండ డాక్టర్‌కు దగ్గర్లో ఉండాలన్నారని సత్తమ్మ చిన్నత్త ఇంట్లో దిగాం. బుజ్జి పెద్దదైంది. నన్ను చూసి మొహం తిప్పుకుని అత్తమ్మ మెడలో దూరింది. గదిలో పడుకోబెట్టుకుని రొమ్ము ఇచ్చాను. రెండుసార్లు లాగి, ఏమీ రాక, నన్ను నెట్టేసి అరిచింది. అత్తమ్మ గడప అవతల నుంచి డబ్బా పాల సీసా అందించింది. ఆమె నా మొహం చూడలేదు, నేనూ చూడలేదు. వచ్చినప్పటి నుంచి ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు.

16 మే

ప్రయత్నం మానలేదు. డాక్టర్ మురళీమోహన్ కూడా ప్రయత్నించమన్నారు, కానీ ఒంట్లో బలం లేనప్పుడు ఆశ పెట్టుకోవద్దన్నారు. ఇవాళ బుజ్జి నా రవిక వాసనకే ఏడుపు మొదలుపెట్టింది.

ఇక పెట్టను.

18 మే

సాయంత్రం వాకిట్లో కూర్చున్నాం. ఈ వాడలో కోమల అనే ఆమె తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్ల పచ్చి బాలింత. ఒక రొమ్ము గడ్డకట్టి ఎర్రగా వాచింది, జ్వరం, వణుకు. మా అత్తమ్మ యాదమ్మ మల్లెపూలు కట్టి చావు నుంచి కోడలిని లాగిందని వాడంతా అనుకుంటున్నారు. సత్తమ్మ చిన్నత్తే చెప్పి ఉంటుంది, ఆమె నోట్లో మాట ఆగదు. నా బిడ్డకు కూడా నీ చేత్తో కట్టు అక్కా అని కోమల అత్తమ్మ పక్కన కూర్చుంది. చిన్నత్త అప్పటికే పూలు కోయడానికి గంప తీసింది.

అత్తమ్మ ఊరికే నవ్వి తప్పించుకోవచ్చు. ఇంట్లో పూలు లేవనొచ్చు. ఆమె పరువంటే ప్రాణం పెట్టే మనిషి. నలుగురిలో నోటి నుంచి తప్పు అనే మాట రావడం నేను ఎప్పుడూ వినలేదు.

"నా పూలతోని ఏం ఆగలే," అంది. "పట్నంల డాక్టర్లు కోసి కట్టిన్రు, గందుకు ఆగింది. నా కోడలు ముందుగాల్నే జెప్పింది, గవి పాలు కాదని. నేను ఇనలే. నేను జేసిందల్ల నా మనుమరాలి నోటికాడి పాలు ఎండగొట్టుడు. పిల్లను జల్ది దవాఖానకు తీస్కపో కోమలా."

చిన్నత్త గంప కింద పెట్టింది. గోపి లేచి బండి తాళాలు తెచ్చాడు, వాళ్లిద్దరినీ ఎక్కించుకుని నల్లగొండ పోయాడు.

ఇన్ని రోజులు నేను కోపాన్ని దాచుకున్నాను. ఎప్పుడో ఒకసారి, పదిమందిలో, ఈ మాటలే ఆమె మొహం మీద అనాలని లోపల వరస కట్టుకుని పెట్టుకున్నాను. అవన్నీ ఆమే అనేసింది. నా తప్పు కూడా తనమీదే వేసుకుంది. ముడి నాకు అందేంత దగ్గరలోనే ఉందని ఆమెకు తెలియదా? వేసిందే ఆమె.

బుజ్జికి ఆకలై ఏడుపందుకుంది. అత్తమ్మ పాలు కలిపి తెచ్చి, ఎప్పటిలా తాను కూర్చోకుండా, బిడ్డను తెచ్చి నా ఒళ్లో పెట్టింది. సీసా నా చేతికిచ్చింది. బుజ్జి నోరు పెట్టదు. తల అటూ ఇటూ తిప్పి ఆమెను వెతుకుతుంది, ఆమె కనబడితే చేతులు చాస్తుంది. అత్తమ్మ కాసేపు చూసింది. తర్వాత లేచి ఇంటి వెనక పెరట్లోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

బుజ్జి గుక్కపట్టింది. నాకు పక్కటెముకలు లాగాయి. ఎత్తుకుని ఊపలేను, ఊరికే ఒడిలో పట్టుకుని ఏదేదో మాట్లాడాను. పిలిస్తే ఆమె వచ్చేది. తలుపు వెనకే ఉంది, గాజుల చప్పుడు వినబడుతోంది, బిడ్డ అరిచినప్పుడల్లా ఒక అడుగు వేసి ఆగుతోంది. తలుపు మాత్రం తెరవలేదు. చివరికి బుజ్జి అలసిపోయి, వెక్కుతూ, నా కళ్లలోకి చూస్తూ సీసా నోట్లో పెట్టుకుంది. తాగుతూ తాగుతూ నా వేలు పట్టుకుంది. నేను అప్పుడు ఏడ్చాను, గొట్టం తీసిన రోజు రానిదంతా వచ్చింది.

సీసా ఖాళీ అయ్యాక తలుపు వైపు చూసి పిలిచాను.

"తాగింది అత్తమ్మా. లోపటికి రా."